నాచారంలో నాకు పూనకం వచ్చిన ఆదివారం

ఆ రోజుల్లో ఎవరైనా "మీదే ఊరమ్మా?" అని అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు. నాన్నది జనగామ వైపు, అమ్మది తెనాలి వైపు, నాదేమో ఏ వైపూ కాదు. పుట్టిందీ పెరిగిందీ మస్కట్‌లో. రెండేళ్లకోసారి నెల రోజుల సెలవు మీద వచ్చి, రెండు పెళ్లిళ్లు చూసి, పది మంది అత్తయ్యల చేత బుగ్గలు పిండించుకుని, కడుపు పాడు చేసుకుని తిరిగి విమానం ఎక్కే చోటికి ఇండియా అని పేరు, అంతే నాకు తెలిసింది. అలాంటిది నాకు పదమూడో ఏడు నడుస్తుండగా అక్కడ నాన్న పని చేసే కంపెనీ మూతపడింది. నాన్న నాచారంలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా చేరారు. "మన దేశానికి మనం వచ్చేశాం" అని అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకుంది. నాకు మాత్రం ఆ సొంత దేశమే కొత్త దేశం. ఉప్పల్ చౌరస్తా ఎలా దాటాలో తెలియదు (మొదటిసారి అరగంట నిలబడి, చివరికి ఒక గేదెల మంద వెనక దాటాను). మంచినీళ్లు రోజు విడిచి రోజు ఎందుకు వస్తాయో తెలియదు. ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా నా చెమటకాయలు చూసి ఆపి "ముఖం మీద గా గుల్లలేంది?" అని అడిగితే ఏం చెప్పాలో అసలే తెలియదు. స్కూల్లో నాకు పేరు అక్కర్లేకపోయింది, "మస్కట్ పిల్ల" అంటే సరిపోయేది.

ఆ పరాయి దేశంలో నాకు రూల్స్ తెలిసిన చోటు ఒక్కటే ఉండేది, అది మా టీవీ. మస్కట్ వదిలేటప్పుడు నాన్న తోటి పనివాళ్లు అందరూ కలిసి ఒక వీడియో గేమ్ మిషన్ కానుకగా ఇచ్చారు. ఇప్పటి పిల్లలకు అదేం వింత కాదు గానీ, అప్పట్లో అది మహాద్భుతం. బటన్లు నొక్కుతూ కూర్చునే రకం కాదది. చేతిలో తెల్లటి రిమోటు పట్టుకుని గాలిలో బ్యాట్ తిప్పినట్టు తిప్పితే టీవీలో బొమ్మ టెన్నిస్ ఆడుతుంది, చెయ్యి వెనక్కి తీసి ముందుకు విసిరితే బౌలింగ్ బంతి దొర్లుకుంటూ పోయి పిన్నులు పడగొడుతుంది, రెండు చేతుల్లో రెండు రిమోట్లు పట్టుకుని పిడికిళ్లు విసిరితే బాక్సింగ్. నేను మూడింట్లోనూ ఛాంపియన్‌ని. బయట ఆటోవాడితో బేరమాడటానికి వణికే పిల్లని, ఇంట్లో ఆరడుగుల బాక్సర్లను మట్టి కరిపించేదాన్ని. స్కూలు నుంచి రాగానే బ్యాగ్ విసిరేసి ఎవరో ఒకరిని కొట్టనిదే నాకు అన్నం దిగేది కాదు.

చిక్కంతా ఇళ్లతో వచ్చింది. మొదట చెంగిచెర్లలో బాబాయి వాళ్లింట్లో దిగాం. తొమ్మిది మందికి ఒక బాత్రూం, పొద్దున్నే రేషన్ షాపు క్యూ లాంటి క్యూ. రెండు నెలలకి ఉప్పల్‌లో ఒక వెల్డింగ్ షాపు పైన అద్దెకు చేరాం. అక్కడ నిప్పురవ్వలకు భయపడి అమ్మ కిటికీలు తెరవలేదు. మూడోది నాచారం ఇల్లు, పై పోర్షన్. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వసారా, పొద్దున్నే తగినంత ఎండ. సామాను దించిన రోజే అమ్మ గోడకు మేకులు కొట్టించి గరిటెలన్నీ వరసగా తగిలించింది. అంతకు ముందు రెండిళ్లలోనూ గరిటెలు అట్టపెట్టెలోనే ఉండిపోయాయి. "ఇంక నేను ఇక్కణ్ణించి కదలను, ఎవరొచ్చి చెప్పినా సరే" అంది నడుం మీద చేతులు పెట్టుకుని. ఆర్నెల్లలో అమ్మ నవ్వగా చూడటం అదే మొదలు.

కింద పోర్షన్‌లో ఇంటివాళ్లు ఉండేవారు. ఆయన రైల్వేలో రిటైరయ్యారు, ఉదయం నుంచీ గేటు దగ్గర కుర్చీ వేసుకుని పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. ఆయన్ని కాలనీ అంతా "తాతా" అనేది. ఆయన భార్యను మాత్రం అందరూ "ఓనర్ ఆంటీ" అనేవారు (ఆయన తాత అయితే ఆవిడ ఆంటీ ఎలా అయిందని అడిగే ధైర్యం కాలనీలో ఎవరికీ లేదు). మంచి మనిషే గానీ, గొంతు మాత్రం మౌలాలి స్టేషన్‌లో అనౌన్స్‌మెంటుకు సరిపోయేది. మేం చేరిన వారానికే ఆ గొంతు మెట్ల మీద నుంచి వినపడింది. "ఏం జేస్తున్నరు పైన? పిండి దంచుతున్నరా? ఫ్యాను ఊగుతున్నది!" అమ్మ క్షమాపణలు చెప్పింది. నేను టీవీ సౌండ్ పూర్తిగా ఆపేశాను, కాళ్ల కింద పరుపు మడత వేసుకున్నాను. మూగ సినిమాలాగా ఆడటం మొదలుపెట్టాను. అయినా పదమూడేళ్ల ఛాంపియన్ గెలిచినప్పుడు గెంతకుండా ఉంటుందా? ఒక మధ్యాహ్నం నేను వరసగా ఏడో బాక్సర్‌ని పడగొట్టి ఎగిరేసరికి, కింద తాత పప్పన్నంలో సున్నం పెళ్ల పడింది.

సాయంత్రం ఆవిడ పైకి వచ్చి, పెళ్లను అరచేతిలో పెట్టి చూపించి, చాలా మర్యాదగా చెప్పింది. "సూడమ్మా, నీతోటి నాకేం లొల్లి లేదు. గని పెద్ద మనిషి కంచంల సున్నం వడ్డది. నెలాఖరుకు వేరే ఇల్లు సూస్కోండ్రి." ఆవిడ అరిచినా బాగుండేది. అమ్మ తలుపు వేసి, గరిటెల ముందు నిలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అననందుకే నాకు ఎక్కువ బాధగా ఉంది. రిమోట్లను అల్మారాలో చీరల అడుగున దాచి, ఇక ముట్టనని దేవుడి పటం ముందు ఒట్టేశాను. ఆ ఒట్టు తొమ్మిది రోజులు నిలిచింది.

పదో రోజు ఆదివారం. ఆషాఢం, బోనాల ఆదివారం. ఆంటీ పట్టుచీర కట్టుకుని, పసుపు కుంకుమ పెట్టిన బోనం కుండ నెత్తిన పెట్టుకుని, వేపకొమ్మలతో, డప్పులతో కాలనీ ఆడవాళ్లందరితో కలిసి గుడికి బయల్దేరింది. వెనకాల తాత చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లారు. నాన్నకు ఆదివారం డ్యూటీ. అమ్మ మేడ మీద వడియాలు పెడుతోంది. కింద ఎవరూ లేరంటే ఊగే ఫ్యాను కిందా ఎవరూ లేరన్నమాట! ఒట్టు సంగతి దేవుడితో తర్వాత మాట్లాడుకుందామని రిమోట్లు తీశాను. ఇక్కడ నా అవతారం కొంచెం చెప్పాలి. ఆ ఉదయమే అమ్మ తలంటి పోసింది, తడి జుట్టు విరబోసుకుని ఉన్నాను. చెమటకాయలు తగ్గుతాయని ముఖానికి, మెడకు వేపాకూ పసుపూ నూరి దట్టంగా పట్టించింది. గట్టిగా ఆడేటప్పుడు నాలుక బయట పెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. మా టీవీ గుమ్మం ఉన్న గోడకే, దాని పక్కన ఉండేది. అంటే తలుపు తీసుకుని వచ్చిన వాళ్లకు టీవీ కనపడదు, దానికి ఎదురుగా నిలబడ్డ మనిషి కనపడుతుంది.

ఆంటీకి అదే కనపడింది. ఇల్లు ఖాళీ చేయమన్నా సరే, బోనం నాడు ప్రసాదం ఇంట్లో ఉన్న వాళ్లందరికీ పెట్టకుండా తాను తినకూడదని ఆవిడ నియమం. గిన్నెలో బెల్లమన్నం, ఒక చేతిలో పసుపునీళ్ల చెంబు, వేపకొమ్మ పట్టుకుని మెట్లెక్కి, గాలికి ఊగే కర్టెన్ తప్పించి చూసింది. లోపల పసుపు ముఖం, విరబోసుకున్న జుట్టు, బయటికి వచ్చిన నాలుక, గుండ్రంగా తిరుగుతున్న కళ్లు. చప్పుడు లేదు, ఎదుట మనిషి లేడు, పిడికిళ్లు బిగించి గాలిని చితకబాదుతున్న పిల్ల! ఆవిడ నీడ పడగానే నేను గడ్డకట్టుకుపోయాను, పిడికిళ్లు పైకెత్తినవి ఎత్తినట్టే. అయిపోయింది, నెలాఖరు దాకా కూడా ఆగరు, ఇవాళే గెంటేస్తారు అనుకున్నాను. ఆవిడ గిన్నె కింద పెట్టింది. కొంగు తల మీదికి లాక్కుంది. రెండు మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించింది.

"తల్లీ! నా ఇంటికొచ్చినవా తల్లీ!"

నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరొచ్చారా అని. ఎవరూ లేరు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఒక్కటడుగుత, జర జెప్పు తల్లీ. పైన కిరాయికున్నోళ్లను ఖాళీ జెయ్యమన్న. అన్న కాడికెల్లి నా మనసు నిమ్మలంగ లేదు. గా పిల్ల తల్లి ఏడ్సిందంట. తప్పు జేసిన్నా?" మా గురించి, మా ఇంట్లో, నన్నే అడుగుతోంది! అప్పుడు అర్థమైంది నాకు. అర్థమైన మరుక్షణం నేను చేయాల్సింది ముఖం కడుక్కుని నిజం చెప్పడం. కానీ కళ్ల ముందు అమ్మ గరిటెలు వరసగా వేలాడుతున్నాయి. ఆయాసంతో బొంగురుపోయిన గొంతుతో ఒకే ఒక్క మాట అన్నాను. "ఉండనివ్వు." సరిగ్గా అప్పుడే టీవీలో నా బొమ్మను ఎవడో చావగొట్టాడు కాబోలు, రెండు చేతుల్లోనూ రిమోట్లు జుర్రుమని అదిరాయి. ఉలిక్కిపడి నేను నిలువునా ఎగిరి పరుపు మీద కూలబడ్డాను. "శాంతించు తల్లీ, శాంతించు" అంటూ ఆవిడ చెంబెడు పసుపునీళ్లూ నా కాళ్ల మీద పోసింది. పరుపు మూడు రోజులు ఆరలేదు.

అమ్మ వడియాల పిండి చేతులతో దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. "నీ బిడ్డ మీదికి అమ్మొచ్చింది" అని ఆంటీ అమ్మ చేతులు పట్టుకుంది. "ఉండనియ్యమన్నది. నువ్వేం ఫికర్ వెట్టుకోకు, ఇల్లు నీదే అనుకో." అమ్మ ఒకసారి నన్నూ, ఒకసారి గరిటెలనూ చూసి, కళ్లొత్తుకుంది. ఆ క్షణంలో నేను నిజం చెప్పి ఉండవలసింది. కానీ అమ్మ ముఖం చూశాక రిమోట్లు వెనక్కి దాచుకున్నాను. ఆంటీకి ఒక్క చిన్న అనుమానం మాత్రం వచ్చింది, కిందికి వెళ్లాక తాతతో అంటుంటే కిటికీలోంచి వినపడింది. "ఉండనివ్వు అన్నది. మన దిక్కు మాట గాదు గది. గుంటూరు దిక్కు అమ్మనేమో?" దానికి తాత, "ఏం, మాకే ట్రాన్స్‌ఫర్లుంటయా, ఆమెకుండయా?" అన్నారు. రైల్వే మనిషి గదా, అనుమానం అక్కడితో తీరిపోయింది.

నాన్న సాయంత్రం వచ్చి, అమ్మ చెప్పిందంతా విని, చెయ్యి కడుక్కుని అన్నం ముందు కూర్చున్నారు. అమ్మ వంటింట్లోకి వెళ్లగానే మెల్లగా అడిగారు. "రిమోటు ఏ చేతుల ఉండె బిడ్డా?" "రెండు చేతుల్లోనూ" అన్నాను తల దించుకుని. "ఊఁ" అని రెండు ముద్దలు తిన్నారు. "సరే, ఇల్లు నిలవడ్డది. సప్పుడు జెయ్యకు. గని మల్ల రానియ్యకు." అమ్మవారిని రానివ్వకపోవడం నా చేతుల్లో ఉన్నట్టే చెప్పారు, ఉంది కూడా. జీవితంలో నాన్నా నేనూ కలిసి చేసిన మొదటి తప్పు అది. కూతురిని కోప్పడాల్సిన మనిషి పెరుగు వేసుకుని తినేశారు.

ఆ వారమంతా నాకు రాజభోగం. కింది నుంచి సర్వపిండి వచ్చింది, గారెలు వచ్చాయి, మక్క గుడాలు వచ్చాయి. నిన్నటి దాకా "ఓ పిల్లా" అన్న ఆంటీ "అమ్మా, స్కూలుకు వోతున్నవా అమ్మా" అనడం మొదలుపెట్టింది. కాలనీ ఆడవాళ్లు నేను వెళ్తుంటే మాటలాపి దారి ఇచ్చేవారు. ఉప్పల్ చౌరస్తాలో కూడా ఇలా ఇస్తే బాగుండునని ఆశపడ్డాను. కొత్త దేశంలో సర్దుకోవడం ఇంత సులువని తెలిస్తే వచ్చిన రోజే జుట్టు విరబోసుకునేదాన్ని కదా! కానీ శనివారం నాడు ఆంటీ మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని చెప్పిన మాటతో ఆ రాజభోగం కాస్తా ముగిసింది. తాత కళ్లకు శుక్లాలు వచ్చాయట. డాక్టర్ ఆపరేషన్ అన్నాడట. అంబర్‌పేట్‌లో ఎవరో కంట్లో ఆకు పసరు పోస్తే కత్తి అక్కర్లేదంటున్నారట. ఏది చేయించాలో తేల్చుకోలేక చస్తున్నానని, రేపు ఆదివారం అమ్మనే అడుగుతానని, తలంటి పోసుకుని ఉండమని ఆవిడ ఆజ్ఞ.

ఆంటీ అటు వెళ్లగానే తాత గేటు దగ్గర నుంచి సైగ చేసి పిలిచారు. పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకుని గుసగుసగా అన్నారు. "బిడ్డా, రేపు ఆపరేషన్ వద్దని జెప్పు. కోత నాకు పడదు. నీకు వారం రోజులు ఐస్‌క్రీం తినిపిస్త." అమ్మవారికే లంచం! "మరి మీకు కనిపిస్తోందా తాతా?" అని అడిగాను. "మస్తు కనవడ్తది. సూడు, సదువుత" అని పేపర్ ఎత్తి, గడగడా రెండు వార్తలు చదివారు. రెండూ ముందు రోజు సాయంత్రం టీవీలో నేను విన్నవే, అదే వరసలో. నాకు నవ్వు రాలేదు. పసరు పోయించుకోమంటే ఏమవుతుందో నాకు తెలియదు. ఆపరేషన్ అంటే, అందులో ఏమైనా అయితే? ఏం చెప్పినా ఒక మనిషి కన్ను నా నాలుక మీద ఉంది. ఇంట్లో చెబుదామంటే అమ్మ వారం రోజులుగా పాటలు పాడుకుంటూ వంట చేస్తోంది. నిజం చెబితే గరిటెలు మళ్లీ అట్టపెట్టెలోకి వెళ్తాయి, నాలుగో ఇల్లు వెతుక్కోవాలి.

ఆదివారం మధ్యాహ్నం మా ముందు గదిలో పీట వేశారు. ఆంటీ నిమ్మకాయల దండ, వేపకొమ్మ తెచ్చింది. తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నారు. అమ్మ భయభక్తులతో హారతి పళ్లెం పట్టుకుంది. నేను పీట మీద కూర్చున్నాను, అయిదు నిమిషాలు గడిచాయి. ఏమీ రాలేదు, ఎక్కిళ్లు తప్ప. "తల్లీ, ఈయన కండ్ల సంగతి జెప్పు" అంది ఆంటీ. తాత అటు నుంచి వద్దు వద్దని కనుబొమ్మలు ఎగరేస్తున్నారు. నేను నోరు తెరిచాను, మూశాను, మళ్లీ తెరిచి భోరుమన్నాను. "నా మీదికి ఎవరూ రాలేదు ఆంటీ! అది వీడియో గేమ్! ఉండనివ్వమంది నేనే! మాకు వేరే ఇల్లు లేదు, అమ్మ ఏడుస్తుందని అన్నాను. తాత కళ్ల గురించి నాకేం తెలియదు!"

అమ్మ హారతి పళ్లెం కింద పెట్టేసింది. ఆంటీ నమ్మలేదు. పూనకం వచ్చిన వాళ్లు ఒక్కోసారి ఇలాగే బుకాయిస్తారట. "గదేందో సూపియ్యి" అంది. టీవీ పెట్టి, రిమోట్లు తీసి, ఏడుస్తూనే బాక్సింగ్ మొదలుపెట్టాను. నేను పిడికిలి విసిరితే బొమ్మ విసిరింది. నేను వంగితే అది వంగింది. ఆవిడ ఒకసారి నన్ను, ఒకసారి బొమ్మను చూసి "గిదా!" అంది. ఆ ఒక్క మాటలో నెల ఆఖరు నాకు స్పష్టంగా వినపడింది. ఒక్క తాత మాత్రం గండం గడిచిన సంతోషంలో లేచి నిలబడ్డారు. "పోనియ్యవే, పిల్ల గద! ఏదీ బిడ్డా, నేనాడేది ఏమన్న ఉన్నదా గండ్ల?"

ఏడుపు ఆపుకుని బౌలింగ్ పెట్టి ఇచ్చాను. చెయ్యి వెనక్కి తీసి విసరాలని, ఎదురుగా పది తెల్ల పిన్నులున్నాయని చెప్పాను. తాత రిమోటు పట్టుకుని, ఎంతో హుందాగా నాలుగడుగులు వేసి, టీవీకి కాదు, పక్కనున్న కిటికీకి ఎదురుగా నిలబడ్డారు. కిటికీలోంచి వెలుతురు వస్తోంది మరి. చెయ్యి గిర్రున తిప్పి విసిరారు. "వడ్డయా?" అన్నారు కిటికీ వంక ఆశగా చూస్తూ. ఎవరం నవ్వలేదు. "టీవీ ఇటుంది తాతా" అన్నాను మెల్లగా. "ఎర్కనే, ఎర్కనే" అని ఇటు తిరిగారు. "ఎన్ని పిన్నులున్నయ్ జెప్పు" అంది ఆంటీ. ఆయన కాసేపు చూసి, "పిల్లనే జెప్పింది గద, పది" అన్నారు. ఎటు తిరిగి విసిరినా తెర మీద బంతి పోతుంది, దానికి మూడు పిన్నులు పడి ఏడే నిలబడి ఉన్నాయి అప్పటికి.

ఆంటీ పీట మీద కూలబడింది. "గింత పెద్ద టీవీల గవి గనవడ్తలేవా నీకు? మరి పొద్దుగాల లేస్తె పేపర్ ఏం సదువుతున్నవయ్యా? నా ముఖమన్న గనవడ్తదా?" తాత రిమోటును రెండు చేతుల్లో తిప్పుతూ, "నీ గొంతు ఇనవడ్తది గద, సాలదా" అన్నారు. ఆవిడ ఆయన్ని ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది, బుధవారమే దవాఖానకు పోవాల్సిందేనని తేల్చేసింది. పసరు మాట మళ్లీ ఎత్తలేదు. "అమ్మ ఈ పోరి మీదికి రాలే సరే, గని గా డబ్బలకెల్లి ఈయన గుట్టు బయట వెట్టింది" అని టీవీకి దండం పెట్టింది. ఆ తర్వాత మా వైపు తిరిగింది. అమ్మ గరిటెల గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఉండనివ్వు అన్నది నువ్వు. అమ్మ గాదు. అబద్ధం మీద ఇల్లు నిలవది బిడ్డా, గా మాట చెల్లది" అంది. అమ్మ తల ఊపింది. నేను నేల చూపులు చూస్తున్నాను. "గని ఇప్పుడు నేను జెప్తున్న, ఇను. నా బిడ్డ మౌలాలిల ఉంటది, దాని సంసారంతోటే దానికి సరిపోతది. ఈయనను దవాఖానకు తోల్కవొయ్యెటోళ్లు గావాలె, మందు సుక్కలు ఏసెటోళ్లు గావాలె. ఈయన రెండు కండ్లు బాగయ్యేదాంక మీరు ఉండుండ్రి. రెండో కన్ను కట్టు ఇప్పిన నాడు ఖాళీ జెయ్యిండ్రి." వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "గా గుద్దులాట మాత్రం బంద్" అంది.

బుధవారం నాన్న సెలవు పెట్టి తాతను తీసుకెళ్లారు. కుడి కన్ను ఆపరేషన్ ఏ ఇబ్బందీ లేకుండా అయింది. నలభై రోజులు స్కూలుకు వెళ్లే ముందూ, వచ్చాకా నేనే చుక్కలు వేశాను. ఆ చుక్కల వేళల్లోనే తాత నాకు ఈ దేశం నేర్పారు. ఆటోవాడు చెప్పిన దాంట్లో సగం నుంచి మొదలుపెట్టాలని, చౌరస్తా దాటేటప్పుడు బండివాడి కళ్లలోకి చూడకూడదని (చూస్తే మనం ఆగుతామని వాడికి తెలిసిపోతుందట), ముఖం మీద గుల్లలేంటని అడిగిన వాళ్లను "మీకెన్నున్నయ్?" అని అడగాలని. ఇక రెండో కన్ను ఆపరేషన్ మిగిలింది. చలికాలం పోనియ్యమన్నారు తాత. చలికాలం పోయాక ఎండలన్నారు. ఎండలు పోయాక మంచి రోజులు లేవన్నారు. ఆంటీ అరిచేది, ఆయన ఒంటి కంటితో హాయిగా పేపర్ చదువుకునేవారు, ఈసారి నిజంగానే. ఇంటర్‌లో చేరిన ఏడాది నేనే ఒకరోజు గేటు దగ్గర కూర్చుని గట్టిగా అడిగాను. "కోతకి భయమా తాతా, ఇంకా?" ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "రెండోది చేయించుకుంటె మీరు వోవాలె గద బిడ్డా" అన్నారు.

అలా ఏడేళ్లు ఉన్నాం ఆ ఇంట్లో. ఆయన నిజంగా మా కోసమే ఆగారో, కత్తి భయానికి మమ్మల్ని అడ్డం పెట్టుకున్నారో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. నాన్న ఉప్పల్ వైపు చిన్న ఫ్లాట్ కొని, మేం సామాను సర్దుకుని వచ్చేసిన రెండో వారమే తాత రెండో కంటికి ఆపరేషన్ చేయించుకున్నారు. ఎవరూ బతిమాలలేదు, ఎవరూ ముహూర్తం చూడలేదు. నల్లద్దాలు తీసేశాక ఆంటీని తీసుకుని మా కొత్త ఇల్లు చూడటానికి వచ్చారు. నేను కాఫీ ఇస్తుంటే గ్లాసు అందుకోకుండా, రెండు కళ్లతోనూ నన్ను కింది నుంచి పైదాకా, పై నుంచి కిందిదాకా తీరిగ్గా చూశారు. "ఏంటి తాతా?" అన్నాను. "ఏం లేదు బిడ్డా" అన్నారు కాస్త నిరాశగా. "ఒక్క కంటితోటి సూసినన్ని దినాలు ఏమో అనుకున్న. రెండు కండ్లతోటి సూస్తె నువ్వు అమ్మోరు లెక్క ఏం లేవు. మా నాచారం పిల్లలందరి లెక్కనే ఉన్నవ్."

ఇంట్లో అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, కాఫీ తాత చొక్కా మీద ఒలికేంతగా. ఇప్పుడు ఎవరైనా "మీదే ఊరు?" అని అడగబోతే, వాళ్ల నోట్లో మాట పూర్తి కాకముందే "నాచారం" అనేస్తాను. గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఆ ఇరవై ఏళ్ల పిల్ల ఎందుకంత గర్వంగా నవ్విందో వాళ్లకు చెప్పాలంటే ఇంత కథా చెప్పాలి, అందుకని ఊరుకుంటాను.